మూడు గరిటెలు

మా అత్త నాకు టీ పెట్టి తెచ్చి చేతికిచ్చింది. అప్పుడు వేసింది నాకు భయం.

అంతకుముందు భయం లేదని కాదు. ఆదివారం పొద్దున మా షాహిద్ వాళ్ళ అబ్బాకి ఫోన్ చేసి ఏడ్చిన దగ్గర్నుంచీ భయంగానే ఉంది. కానీ ఆ భయం కొడుకు గురించి, ఏ తల్లికైనా ఉండేదే. టీ గ్లాసు చూశాక వేసిన భయం వేరు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో, షాహిద్ కాన్పప్పుడు గానీ, గర్భసంచి ఆపరేషనప్పుడు గానీ మా అత్త కరీంబీ నాకు టీ పెట్టిన పాపాన పోలేదు. అలాంటి మనిషి సోమవారం సాయంత్రం అల్లం దంచి వేసి, గ్లాసు కింద సాసర్ పెట్టి, "తాగు బేటీ" అంది. ఇన్నాళ్ళూ నేను ఆమెకి "ఏయ్"ని, మనసు బాగుంటే "షాహిద్ అమ్మీ"ని. బేటీని ఎప్పుడయ్యానా అని తలెత్తి చూస్తే, వరండాలో మా మామ కమాలుద్దీన్, మా ఆయన ముస్తాక్, లైసెన్సుల ఏజెంటు నారాయణయ్య, ముగ్గురూ మాటలాపి నా వైపే చూస్తున్నారు. బక్రీద్‌కి వారం ముందు గొర్రెకి పచ్చగడ్డి వేసి ఇంటిల్లిపాదీ దాన్ని అట్లాగే చూస్తారు.

జరిగింది ముందు చెప్పాలి. మాది ఉదయగిరి. మా ఆయన ట్యాక్సీ నడుపుతాడు. నడిపేది ఆయనైనా కాగితాల్లో కారు నాది. ఆడవాళ్ళ పేరుతో అయితే లోన్లో సబ్సిడీ వస్తుందని ఆరేళ్ళ కింద నా పేరున తీసుకున్నారు. సొంతంగా నడుపుకునేవాళ్ళకే ఇస్తామని ఏదో మెలిక ఉందంటే నారాయణయ్య నాకు డ్రైవింగ్ లైసెన్సు కూడా చేయించుకొచ్చాడు. నేను చేసిందల్లా ఫోటోకి కూర్చోవడం, సంతకం పెట్టడం. స్టీరింగ్ పట్టుకుని ఎరగను. అంత దాకా ఎందుకు, ముందు సీట్లో కూర్చున్న రోజే లేదు. ముందు సీటు మా మామది, ఆయన లేకపోతే షాహిద్‌ది, వాడూ లేకపోతే అన్నం క్యారియర్‌ది. ఒకసారి ఎవరూ లేరు కదా అని ముందు తలుపు తీయబోతే, "వెనక కూర్చో, నీకేం వచ్చు, బెల్టు పెట్టుకోను కూడా రాదు" అన్నాడు మా ఆయన. నీకేం వచ్చు అనేది ఆయనకి ఊతపదం. ఉర్దూలో అంటాడు, తెలుగులో అంటాడు, కారెక్కిన గిరాకీల ముందూ అంటాడు. బ్యాంకు ఫారం నింపబోతే నీకేం వచ్చు. సిలిండర్ మార్చబోతే నీకేం వచ్చు. పోన్లే, వినీ వినీ నాకూ అదే నిజమనిపించింది.

నాకు వచ్చిందల్లా కర్ర గరిటెలు చెక్కడం. మా ఉదయగిరిలో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి అదే పని. షెడ్డులో పద్నాలుగు మందిమి కూర్చుని నర్ది అనే కొండచెట్టు కర్రని ఉలితో చెక్కి, ఆకురాయి పట్టి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది చెంచాలూ గరిటెలూ చేస్తాం. పొద్దున ఇంటి పని, పగలు షెడ్డు పని, సాయంత్రం మళ్ళీ ఇంటి పని. ఆ కర్రని కొండ నుంచి మోపు కట్టి తెచ్చేది గురవమ్మ. చెరువు అవతలి పల్లె ఆమెది. పదేళ్ళుగా తెస్తోంది. కర్రని గోటితో గీకి వాసన చూసి, ఇది ఇంకా ఆరలేదు పాపా, వారం ఆగు, అని చెప్పేది. ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అడిగేవాళ్ళు కాదు గానీ, ఆమె మాత్రం "ఏంది పాపా, మొగం పీక్కపోయింది, అన్నం తిన్నావా?" అని అడిగేది.

మా షాహిద్‌కి ఇంకా పదిహేడు నిండలేదు. ఇంటర్ రెండో సంవత్సరం. వాడి పద్నాలుగో ఏటనే మా ఆయన వాడి చేతికి తాళం ఇచ్చాడు. ఒంటి చేత్తో రివర్స్ కొడతాడు నా పులి, అని వీధిలో నిలబెట్టి చూపించేవాడు. వీధంతా మెచ్చుకుంది. పెళ్ళికి కుర్చీలు తేవాలంటే షాహిద్, ముసలమ్మని ఆసుపత్రి నుంచి తేవాలంటే షాహిద్. ఎవరూ లైసెన్సుందా అని అడగలేదు. నేను ఒకసారి అడిగాను. ఏం జవాబు వచ్చిందో మీకు తెలుసు. నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకున్నందుకు ఈ నాలుగు రోజుల్లో నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో ఆ అల్లాకే తెలియాలి.

ఆదివారం పొద్దున నేను వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మా ఆయన మంచం మీద పడుకునే తాళం చెవి గాల్లోకి విసిరాడు. డీజిల్ పట్టించుకుని రా, అన్నాడు. వాడు ఒంటి చేత్తో పట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అది నా కళ్ళతో చూశాను. గంట తర్వాత ఆత్మకూరు రోడ్డు మలుపులో వాడు గురవమ్మని గుద్దేశాడు. కారు వదిలేసి కంపల్లో పడి పరిగెత్తి వాళ్ళ అబ్బాకి ఫోన్ చేశాడు. ఈయన బైకు మీద పోయి, ముందు వాణ్ణి ఎవరి బైకో ఎక్కించి ఆత్మకూరులో ఉన్న మా చెల్లెలు ఆస్మా ఇంటికి పంపించి, ఆ తర్వాత అంబులెన్సుకి ఫోన్ చేశాడట. ముందు ఏది చెయ్యాలో ఆ వరసలో చేశాడు మరి. అంబులెన్సు వచ్చేసరికి గురవమ్మ లేదు.

ఆమె నెత్తిమీద ఉన్న కట్టె మోపు నాకోసం. శుక్రవారం నేనే చెప్పాను, పెద్ద గరిటెల ఆర్డరు వచ్చింది, ముడుల్లేని కర్ర చూసి తీసుకురమ్మని. ఆదివారం తెస్తాలే పాపా, అంది.

పోలీసులు కారుని స్టేషన్‌కి తీసుకుపోయారు. నడిపినోళ్ళు భయపడి పారిపోయినారని మా ఆయన చెప్పాడు. ఎవరో ఏమో, బుధవారం లోపల నడిపిన మనిషి నా ముందు ఉండాలి, అన్నాడట ఎస్సై.

ఆదివారం మధ్యాహ్నానికి ఊరు ఊరంతా జడ్జీలయ్యారు. కట్టె మోపుతో రోడ్డు మీద అడ్డం వస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు అని కొందరు. వీధి వాట్సాప్ గ్రూపులో అద్దం పగిలిన మా కారు ఫోటో పెట్టి, ఈ కాలం పిల్లల్ని తల్లులు గారాబం చేసి చెడగొడుతున్నారని ఇంకొకాయన. మొన్నటిదాకా వాడి కారులో కుర్చీలు మోయించుకున్నది ఆయనే. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. తల్లి పెంపకం అన్నారు గానీ తండ్రి పెంపకం అన్నవాళ్ళు ఒక్కరు లేరు. సోమవారం షెడ్డుకి పోతే పద్నాలుగు మందిలో ఒక్కరూ గురవమ్మ పేరెత్తలేదు. ఆమె తెచ్చిన కర్రనే చెక్కుతూ, "ఏదో ఒకటి చేసి బిడ్డని కాపాడుకో షబ్నం, తల్లివి గదా" అన్నారు. నేను ఊ అన్నాను. తల్లినే. నాకూ అదే కావాలి. ముందు రాత్రంతా కన్ను మూస్తే వాడికి సంకెళ్ళు వేసినట్టే కనిపించింది.

అందుకే ఆ సాయంత్రం టీ గ్లాసు చూసి వణికాను. నారాయణయ్య గొంతు సవరించుకుని చెప్పాడు.

"అమ్మకి లైసెన్సుండాది. కారు అమ్మ పేరుమీదే ఉండాది. కర్ర చూసుకోను పోతా ఉన్నింది, ఆ యమ్మ అడ్డం వచ్చింది, అయిపాయ. ఆడమనిషికి బెయిలు ఆ పూటే ఇస్తారు. అబ్బాయి పేరు ఎక్కడా రాదు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది, ఎందుకంటే వాళ్ళెవరూ నవ్వడం లేదు. మా మామ, ఇంటి మగబిడ్డ బతుకమ్మా, అన్నాడు. మా అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అంత బరువుంటుందని అనుకోలేదు.

"నాకు నడపను రాదు గదా," అన్నాను.

"నేర్పిస్తా," అన్నాడు మా ఆయన.

మంగళవారం పొద్దున నేర్పించాడు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, నేను పాలిష్ పట్టి గోడకి ఆనించిన గరిటెల్లో మూడు తీసి నా కాళ్ళ ముందు వరసగా పరిచాడు. ఎడమది క్లచ్, మధ్యది బ్రేకు, కుడిది ఎక్స్‌లేటర్. రొట్టెల కర్ర గేరు. పళ్ళెం స్టీరింగ్. ఎస్సై ఏమన్నా అడుగుతాడేమో, తడుముకోకూడదు, అన్నాడు. ఫస్ట్ గేరు ఎటు, రివర్స్ ఎటు, మలుపులో ఏం చేస్తావు, ఏ కాలు దేనిమీద. మా అత్త గుమ్మంలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ చూస్తోంది. నాకు అరగంటలో వచ్చేసింది. నిజంగానే వచ్చేసింది. ఆయన అడగడం ఆలస్యం, చెప్పేస్తున్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, "పర్వాలేదే, నీకు బుర్ర ఉండాదే" అన్నాడు.

సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ మాటకి నా మనసు పొంగింది. పంతొమ్మిదేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఒక్క క్షణమే. ఆ తర్వాత కాళ్ళ కింద గరిటెలు చూసుకున్నాను. ఆ కర్ర గురవమ్మ తెచ్చిందే. మధ్య గరిటె మీద నా కాలు ఉంది. ఛీ అని కాలు తీసేశాను.

షాహిద్‌ని ఒకసారి చూసొస్తాను అంటే ఎప్పుడూ లేనిది వెంటనే పొమ్మన్నారు. వాడి మొహం చూస్తే నా మనసు గట్టిపడుతుందని వాళ్ళ ఆలోచన. నా ఆలోచనా అదే. బస్సులో ఆత్మకూరు దాకా, నేనే నడిపాను సార్, నేనే నడిపాను సార్, అని లోపల చదువుకుంటూ పోయాను. ఒక్కసారి అనేస్తే అయిపోతుంది. నా బతుకులో ఇంకా పోయేదేముంది గనక.

షాహిద్ ఆస్మా వాళ్ళ వెనక గదిలో మూల కూర్చున్నాడు. నన్ను చూడగానే ఆరడుగుల పిల్లాడు ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. తల నిమురుతుంటే తనే చెప్పాడు.

"ఆ యమ్మ చెయ్యి ఎత్తింది అమ్మీ. మన కారని గుర్తుపట్టింది. నేను ఊరికే పక్కనించి కట్ కొడదామనుకున్నా. అబ్బా కొడతాడు గదా, ఎగిరి గంతేస్తారు జనం, అట్లా. ఆమె గంతెయ్యలేదు."

నా చెయ్యి వాడి తలమీద ఆగిపోయింది. నిజమే, వాళ్ళ అబ్బా కొడతాడు. నడిచిపోయే ఆడవాళ్ళ పక్కనుంచి రాసుకుంటూ పోయి, అద్దంలో చూసి నవ్వుతాడు. నేను వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని.

వాడు ముక్కు తుడుచుకుని లేచి కూర్చున్నాడు. "నువ్వే నడిపినట్టు చెప్తావంట గదా అమ్మీ. అబ్బా పిన్ని ఫోన్లో చెప్పినాడు." నేను అవుననలేదు, కాదనలేదు. వాడికి అది చాలు. వాడి మొహంలో భయం నెమ్మదిగా దిగిపోవడం నేను చూశాను. జ్వరం దిగినట్టు దిగిపోయింది. పిన్నిని ఆకలేస్తోందని అడిగాడు. కోడికూర వేసుకుని తిన్నాడు. తింటూ, నా ఫోన్ అబ్బా దగ్గరుండాది, ఇప్పించమ్మీ, సోమవారం నుంచీ క్లాసులు పోతున్నాయి, అన్నాడు. మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు. వాడు దుర్మార్గుడు కాదు. నా బిడ్డ. కానీ వాడి భయం దిగుతున్న కొద్దీ నా భయం ఎక్కుతూ వచ్చింది. ఎముక చీకుతున్న ఆ మొహంలో మా ఆయన కనిపించాడు. ఎప్పుడో ఒకనాడు ఇంకో ఇంట్లో ఇంకో ఆడపిల్లని వెనక సీట్లో కూర్చోమనే మనిషి. జైలు గురించి కాదు, ఇప్పుడు నా భయం వాడి గురించి కూడా కాదు, వాడంటేనే భయం వేసింది. కన్నతల్లికి రాకూడని భయం అది.

మా ఆస్మా కోర్టు దగ్గర ఒక వకీలు ఆఫీసులో టైపు చేస్తుంది. నన్ను బస్టాండు దాకా దిగబెడుతూ, దారిలో గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, పద్దెనిమిది నిండనోళ్ళని పెద్ద జైల్లో పెట్టరు. పిల్లల బోర్డు ముందు పెడతారు. అంతకంటే పెద్ద శిక్ష బండి ఇచ్చినోళ్ళకే. పిల్లోడి తండ్రికో, ఓనరుకో. బావకి తెలుసు. నారాయణయ్యకీ తెలుసు."

నేను నడిరోడ్డు మీద నిలబడిపోయాను. "ఓనరంటే నేనే గదా," అన్నాను.

"నువ్వే. ఎటు చెప్పినా నీ పేరు వస్తాది. కానీ నిజం చెప్తే తాళం ఎవురిచ్చినారని అడుగుతారు. అబద్ధం చెప్తే అడగరు." ఆస్మా నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యీ చల్లగానే ఉంది. "ఏం చెయ్యమని నేను చెప్పలేనక్కా. నాకూ భయంగానే ఉండాది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అనుకున్నాను, ఇన్నాళ్ళూ వీళ్ళు కాపాడమంటున్నది షాహిద్‌ని అనుకుంటున్నానే పిచ్చిదాన్ని, అని. మలుపు దగ్గర బస్సు నెమ్మదించింది. రోడ్డు మీద సున్నంతో గీసిన గీత ఇంకా ఉంది. తల తిప్పుకున్నాను. ఇంటికి పోయి మళ్ళీ పీట మీద కూర్చున్నాను. ఏ కాలు దేనిమీదో మళ్ళీ అప్పజెప్పాను. ధైర్యం ఉన్నదాన్ని అయితే ఆ రోజే గరిటెలు విసిరికొట్టి ఉందును. నాకు లేదు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి వీధిలో ఎవరో అక్కా అని పిలిచారు. గురవమ్మ కూతురు పావని. నెత్తిమీద కట్టె మోపు. తల్లి నిలబడినట్టే నిలబడింది.

"మైల ఉండాదక్కా, లోపలికి రాను," అని మోపు అరుగు మీద దించింది. "మాయమ్మ మీకని కట్టింది. రోడ్డు మీద చెల్లాచెదరుగా పడి ఉంటే ఏరుకొచ్చినాను. మా నాయన వద్దన్నాడు. మాయమ్మ తెస్తానని చెప్పింది గదా."

ముడుల్లేని కర్ర. ఒక్క ముడి లేదు. రెండు కర్రల మీద నల్లగా మరక ఉంది. నేను దాన్ని ముట్టుకోలేకపోయాను.

"మీ కారని చెయ్యెత్తుంటాదక్కా. మోపు ఎక్కించుకుంటారని," అంది పావని. వెళ్ళబోతూ అడిగింది. "ఎవురక్కా నడిపింది?"

లోపల మా ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. నీళ్ళ చప్పుడు ఆగింది. తెలీదు పాపా, అన్నాను. ఆ అమ్మాయి సరేనని తల ఊపి వెళ్ళిపోయింది. నన్ను నమ్మింది. వాళ్ళమ్మ పాపా అని పిలిచే మనిషిని కదా, నమ్మకేం చేస్తుంది. మధ్యాహ్నం నుంచీ నేనే చంపానని వాళ్ళ పల్లెంతా చెప్పుకుంటారు. రేపు ఆ పిల్ల బజారులో ఎదురుపడితే, ఆ కర్ర తెచ్చి ఇచ్చింది వాళ్ళమ్మని చంపిన దానికేనని తలుచుకుంటుంది. మోపు పక్కనే అరుగు మీద కూలబడ్డాను.

పదకొండింటికి స్నేహితుడి కారు తీసుకొచ్చాడు మా ఆయన. నేను అలవాటు కొద్దీ వెనక తలుపు దగ్గరికి పోతే, "ముందు కూర్చో, అలవాటున్నట్టు ఉండాల" అని తనే తలుపు తీశాడు. బెల్టు కూడా తనే పెట్టాడు. ముందు సీటు కావాలని ఎన్నేళ్ళు అనుకున్నానో, ఆ సీట్లో స్టేషన్ దాకా వణుకుతూ పోయాను.

స్టేషన్ ఆవరణలో మా కారు ఉంది. అద్దం సాలెగూడులా పగిలి ఉంది. డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది, మా వాడి పొడుగు కాళ్ళకి తగ్గట్టు. నేను ఐదడుగులు కూడా లేను.

ఎస్సై కుర్చీ చూపించాడు. మా ఆయన, మామ నా వెనక నిలబడ్డారు. మా ఆయన లైసెన్సు తీసి బల్ల మీద పెట్టి, ఆమే నడిపింది సార్, భయపడి దాక్కున్నింది, అన్నాడు. ఎస్సై కార్డు చూసి నన్ను చూశాడు. ఆమెని చెప్పనివ్వండి, అన్నాడు. కారు మీదేనా అంటే తల ఊపాను. ఎన్నేళ్ళుగా నడుపుతున్నారంటే ఆరేళ్ళని మా ఆయన నేర్పిన జవాబే చెప్పాను.

"క్లచ్ ఏ కాలితో తొక్కుతారు?"

"ఎడమ కాలితో."

"బ్రేకు?"

"కుడి కాలితో. మధ్యలో ఉంటాది."

ఒక్క మాట తడబడలేదు. ఎస్సై పక్కనున్న లేడీ కానిస్టేబుల్‌కి రాసుకోమని సైగ చేశాడు. నా వెనక మా ఆయన ఊపిరి వదిలాడు. తిరిగి చూశాను. ఆయన మొహంలో భయం దిగిపోతోంది. జ్వరం దిగినట్టు దిగిపోతోంది. నిన్న కోడికూర తింటున్న నా కొడుకు మొహం, అదే. ఇంకొక్క నిమిషం నేను కదలకపోతే ఈ ఇద్దరికీ జన్మలో మళ్ళీ భయం రాదు. ఆ భయమంతా నేనే మోయాలి, ఇంకెవరో ఆడమనిషి రోడ్డు మీద చెయ్యెత్తేదాకా.

కానిస్టేబుల్ కాగితం నా ముందుకు జరిపింది. ఇక్కడ సంతకం పెట్టమ్మా, అంది. పెన్ను తీసుకున్నాను. పెన్ను కింద పెట్టేశాను.

"తాళం చెవి వాళ్ళబ్బా ఇచ్చినాడు సార్, నేను చూసినాను. నడిపింది మా అబ్బాయి. ఆత్మకూరులో ఉండాడు. సాయంత్రం లోపల నేనే పోయి చెయ్యి పట్టుకొని తీసుకొస్తా. బోర్డు ముందరైనా, ఎక్కడైనా వాడి పక్కనే నిలబడతా. ఓనరుగా నాకు ఏం శిక్ష పడాలో అది వెయ్యండి."

మా మామ యా అల్లా అన్నాడు. మా ఆయన నా భుజం పట్టి లాగబోయాడు. దానికి మతి పోయింది సార్, మీరు అడిగినవన్నీ కరెక్టుగా చెప్పింది గదా, అని అరిచాడు. ఎస్సై ఆయన్ని వెనక్కి జరగమని చెప్పి, నా వైపు వంగి నిదానంగా అడిగాడు.

"అమ్మా, ఇప్పుడు చెప్పండి. మీకు కారు నడపడం వచ్చా, రాదా?"

నా గొంతు వణికింది. వణికితే వణకనీ అనుకున్నాను.

"రాదు సార్. కావాలంటే మా ఆయన్నే అడగండి. పంతొమ్మిదేళ్ళుగా ఊరందరి ముందరా ఆయనే చెప్తా ఉండాడు, నాకేం రాదని."